అమిగా లాంటి పాత కంప్యూటర్లకు ప్రోగ్రాములు రాసేవారిని పైరసీ ఎలా దెబ్బతీస్తుంది?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న తీరు ఇది. సెకండ్‌హ్యాండ్‌లో ఒక అమిగా 1200 కొన్నారు. అమ్మినాయన దానితోపాటు ఒక మెమరీ కార్డు ఇచ్చాడు. అందులో కొన్ని వేల ఆటలు, ప్రోగ్రాములు ఉన్నాయి. తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడిన యంత్రానికి పైరసీ అనే మాట ఇంకా వర్తిస్తుందా, వర్తిస్తే నష్టపోయేది ఎవరు అని మీ సందేహం. అమిగాను తయారుచేసిన కామడోర్ కంపెనీ 1994 ఏప్రిల్‌లో చేతులెత్తేసిన మాట నిజమే. కానీ మీ కార్డులో ఉన్నవన్నీ 1994కు ముందువి కావు. కొన్ని నిరుడో, అంతకుముందు ఏడాదో ఎవరో ఒకాయన ఆఫీసు నుంచి వచ్చాక రాత్రిపూట కూర్చుని రాసినవి. ఆయన వాటిని ఇంకా అమ్ముతూనే ఉన్నాడు.

నేను 1990ల మధ్యలో ఉద్యోగం మీద ఇంగ్లండు వెళ్ళినప్పుడు ఒక పాత అమిగా 500 కొన్నాను. అప్పటి నుంచి దానికి సీ భాషలోనూ, దానిలోని 68000 ప్రాసెసర్ అసెంబ్లీ భాషలోనూ ప్రోగ్రాములు రాస్తున్నాను. చాలావాటిని ఉచితంగా ఇచ్చేశాను, రెండింటిని అమ్మాను. ఈ జవాబు ఎక్కువగా ఆ రెండింటి అనుభవం నుంచి వచ్చిందే.

ముందు లెక్క చూద్దాం. ఇలాంటి యంత్రానికి ఒక మంచి ప్రోగ్రాము రాసి ఇరవై యూరోలకు అమ్మకానికి పెడితే, రెండు వందల మంది కొంటే పండగ చేసుకోవాలి. అంటే నాలుగు వేల యూరోలు. ఆటయితే అందులోంచి బొమ్మలు గీసినవారికి, సంగీతం కట్టినవారికి ఇవ్వాలి. పెట్టెలో పెట్టి అమ్మాలంటే అచ్చు ఖర్చు ముందే భరించాలి, ఎందుకంటే ముద్రాపకులు యాభై అట్టపెట్టెలకు యంత్రం కదిలించరు. ఇంతా చేసి ఏడాదిన్నర సాయంత్రాలకు మిగిలేది బతుకుతెరువుకు చాలే డబ్బు కాదు, అది తెలిసే అందరూ మొదలుపెడతారు. కాబట్టి "ఎలాగూ సంపాదించేది లేదు కదా, కాపీ చేస్తే పోయేదేముంది" అన్న వాదన తర్కానికి నిలుస్తుందనిపిస్తుంది. నిలవదు. ఇక్కడ డబ్బు కన్నా విలువైనది కొన్నవారి సంఖ్య. లక్షల మంది వాడే ఫోను యాప్ రాసినవాడికి తన పని ఎవరికైనా పనికొస్తోందా అన్న అనుమానం రాదు. మాకు ప్రతిరోజూ వస్తుంది. ఇరవై మంది కొన్నారంటే, ప్రపంచం మొత్తంలో ఇరవై మందికే ఇది కావాలని మేము అనుకుంటాం. నిజానికి నాలుగు వందల మంది వాడుతుండవచ్చు. ఆ సంగతి మాకు చేరదు. చేరకపోతే రెండో వెర్షన్ రాదు.

నాకు జరిగింది చెబుతాను. నేను అమ్మిన వాటిలో ఒకటి హార్డ్‌డిస్కును బ్యాకప్ చేసే చిన్న సాధనం. డబ్బు కట్టినవారికి ఒక కీ ఫైలు, అంటే ప్రోగ్రాముకు తాళంచెవిలా పనిచేసే చిన్న ఫైలు, పంపేవాణ్ణి. అప్పట్లో అమిగా షేర్‌వేర్ (ముందు వాడి చూసి, నచ్చితే డబ్బు కట్టే ప్రోగ్రాములు) అంతా అలాగే నడిచేది. ఆ ఫైలులో కొన్నవారి పేరు ఉండేది, ప్రోగ్రాము వివరాలు చూపే కిటికీలో ఆ పేరు కనిపించేది. ఒకరోజు ఒకాయన నుంచి ఈమెయిలు వచ్చింది. పెద్ద ఫైళ్ళను సరిచూసేటప్పుడు ప్రోగ్రాము ఆగిపోతోందని, తెర ఫొటో తీసి మరీ పంపాడు. చాలా మర్యాదగా, వివరంగా రాశాడు. ఆ ఫొటోలో మూలన వివరాల కిటికీ తెరిచి ఉంది. అందులో ఉన్న పేరు ఆయనది కాదు, వేరే దేశంలో ఉన్న నా తొలి కొనుగోలుదారుల్లో ఒకరిది.

తప్పు నా కోడ్‌లోదే, కాబట్టి సరిచేసి పంపాను. తరువాత ఆ తొలి కొనుగోలుదారుకు రాశాను. ఆయన నిజాయతీగా జవాబిచ్చాడు. ఇల్లు మారేటప్పుడు కంప్యూటర్ అమ్మేశాడు, హార్డ్‌డిస్కు తుడవలేదు, కీ ఫైలు అందులోనే ఉండిపోయింది. కొన్నవాడు డిస్కు మొత్తాన్ని యథాతథంగా నకలు తీసి ఎక్కడో పెట్టాడు. అక్కడి నుంచి అది ఊళ్ళు తిరిగింది. తరువాతి వెర్షన్‌లో ఆ కీ పనిచేయకుండా ఆపడం ఐదు నిమిషాల పని. కానీ ఆపితే శిక్ష పడేది నాకు అందరికన్నా ముందు డబ్బు కట్టిన మనిషికి, అప్పటికి ఆయన మరో అమిగా కొనుక్కున్నాడు. నేను ఆపలేదు. ఆ ఏడాది సహాయం అడుగుతూ వచ్చిన ఉత్తరాల్లో నా కొనుగోలుదారుల జాబితాలో పేరు లేనివాళ్ళవే ఎక్కువ. వాటికి జవాబులు రాస్తూ కూర్చుంటే కొత్త పనికి సమయం చిక్కలేదు. తరువాతి వెర్షన్ కోసం కాగితం మీద గీసుకున్న రూపురేఖలు ఇప్పటికీ నా సొరుగులో ఉన్నాయి.

"మరి గట్టి తాళం వేసుకోవచ్చు కదా" అని ఎవరైనా అడుగుతారు. ఆ చరిత్ర కూడా అమిగాలోనే బాగా కనిపిస్తుంది. అమిగా ఫ్లాపీకి ఒక్కో వైపు 80 ట్రాకులు (సమాచారం రాసే వలయాలు), రెండు వైపులా కలిపి 160. ఒక్కో ట్రాకులో 11 సెక్టార్లు (ట్రాకులోని ముక్కలు), ఒక్కో సెక్టారులో 512 బైట్లు, వెరసి 880 కిలోబైట్లు. పీసీలో ఫ్లాపీని నడిపే చిప్ తనకు తెలిసిన పద్ధతిలో రాసిన సెక్టార్లనే గుర్తుపడుతుంది. అమిగాలో అలా కాదు. ట్రాకు మొత్తం ముడిగా మెమరీలోకి వచ్చి పడుతుంది, దాన్ని విడదీసుకునే పని సాఫ్ట్‌వేర్‌ది. ఈ స్వేచ్ఛను ఆటల కంపెనీలు తాళాలకు వాడుకున్నాయి. కర్మాగారంలోని యంత్రాలతో ఒక ట్రాకును మామూలు కన్నా కాస్త పొడవుగా రాయించేవారు. ఇంట్లోని డ్రైవు దాన్ని చదవగలదు గానీ మళ్ళీ అంత పొడవు రాయలేదు. రాబ్ నార్తెన్ తయారుచేసిన కాపీలాక్ ఇంకా సూక్ష్మమైనది. ఒక సెక్టారును మిగతావాటికన్నా భిన్నమైన సాంద్రతతో రాసి, దాన్ని చదవడానికి పట్టే సమయాన్ని కొలిచేది. ఆ కొలిచే కోడ్ కూడా గుప్తంగా ఉండేది. 68000 ప్రాసెసర్‌లోని ట్రేస్ సౌకర్యాన్ని (ప్రోగ్రామును ఒక్కో ఆదేశం చొప్పున ఆపి చూసే ఏర్పాటును) వాడుకుని, ఒక్కో ఆదేశం నడవబోయే ముందు విప్పుకుని, నడిచాక మళ్ళీ మూసుకునేది. నేను ఆ కోడ్‌ను మొదటిసారి చదివిన రాత్రి నిద్రపోలేదు. అంత గొప్ప పనితనం అది.

అయినా ఆ తాళాలను ఇంటర్, డిగ్రీ వయసు కుర్రాళ్ళు రోజుల్లో విప్పేశారు. విప్పిన ప్రతి ముందు తమ బృందం పేరు, కదిలే అక్షరాలు, సంగీతం పెట్టి పంచారు. ఎక్స్‌కాపీ లాంటి, ఫ్లాపీలను నకలు తీసే ప్రోగ్రామూ రెండో డ్రైవూ ఉంటే మిగతా పని ఎవరైనా చేసుకోగలిగేవారు. చివరికి తాళం ఎవరిని ఆపిందో చూడండి. అసలు ఫ్లాపీ కొన్నవాడు దాన్ని హార్డ్‌డిస్కులోకి ఎక్కించుకోలేకపోయాడు. 1992లో వచ్చిన 1200లో 68020 ప్రాసెసర్ పెట్టేసరికి అలాంటి పాత ఆటలు కొన్ని పనిచేయడం మానేశాయి. ఫ్లాపీ పాడైతే ఇంకో ప్రతి ఉండదు. విప్పిన ప్రతి తెచ్చుకున్నవాడికి ఈ బాధలేవీ లేవు. సింక్లెయిర్ స్పెక్ట్రమ్ అనే మరో పాత ఇంటి కంప్యూటర్ వాడేవాళ్ళది ఇంకో కథ. 1985లో లెన్స్‌లాక్ అనే ప్లాస్టిక్ కటకం పెట్టి, దాన్ని టీవీ తెరకు ఆనించి చిందరవందరగా ఉన్న రెండు అక్షరాలు చదవమన్నారు. ఒక ప్రసిద్ధ ఆటతో కొన్ని వందల మందికి తప్పు కటకం చేరింది. డబ్బు పెట్టి కొన్నవాళ్ళు ఆట మొదలుపెట్టలేకపోయారు.

ఇది మన దగ్గరా చూశాను. 2000 తొలినాళ్ళలో సెలవుకు విజయవాడ వచ్చినప్పుడు మా బావ గవర్నర్‌పేటలో డీటీపీ సెంటర్ నడిపేవాడు. పెళ్ళి శుభలేఖలు, కరపత్రాలు, చిన్న పత్రికల పేజీలు చేసేవాడు. తెలుగు అక్షరాల ప్యాకేజీ డబ్బు పెట్టి కొన్నాడు. దానితో ప్రింటర్ పోర్టుకు తగిలించే ఒక హార్డ్‌వేర్ లాక్ వచ్చింది. అది ఒకరోజు పనిచేయడం మానేసింది. దాన్ని పంపించి కొత్తది తెప్పించుకునేలోగా మూడు వారాలు గడిచాయి, అవి సరిగ్గా మాఘమాసపు ముహూర్తాల రోజులు. అదే వీధిలో పైరసీ ప్రతితో నడిచే షాపులు ఒక్క గంట కూడా ఆగలేదు. మా బావ చివరికి పక్కషాపు నుంచి తాళం విప్పిన ప్రతి తెచ్చుకుని శుభలేఖలు పూర్తిచేశాడు, తాను కొన్న ప్యాకేజీ బీరువాలో ఉండగా. ఆ రోజు నుంచి నేను రాసిన దేనికీ కీ ఫైలుకు మించిన తాళం వేయలేదు. తెలుగు డీటీపీ కూడా చిన్న మార్కెట్టే. కొన్నవాణ్ణి ఒక్కణ్ణి పోగొట్టుకున్నా తెలిసిపోతుంది.

ధర సంగతి కూడా ముఖ్యమే. 1975లో ఆల్టెయిర్ అనే కిట్ కంప్యూటర్ వచ్చింది, అది కూడా ఆనాటికి కొద్దిమంది ఔత్సాహికుల యంత్రమే. దానికి గేట్స్ సంస్థ రాసిన బేసిక్ (ప్రోగ్రాములు రాసే భాష) ఉన్న కాగితపు టేపు ఒకటి కాలిఫోర్నియాలోని హోమ్‌బ్రూ కంప్యూటర్ క్లబ్బు సభ్యుల చేతికి చిక్కింది. క్లబ్బులో డజన్ల కొద్దీ నకళ్ళు పంచుకున్నారు. 1976 ఫిబ్రవరి 3వ తేదీతో బిల్ గేట్స్ ఔత్సాహికులకు బహిరంగ లేఖ రాశాడు. ఆల్టెయిర్ ఉన్నవాళ్ళలో పది శాతం కన్నా తక్కువమందే బేసిక్ కొన్నారని, వచ్చిన రాయల్టీని లెక్కేస్తే తమ శ్రమకు గంటకు రెండు డాలర్లు కూడా పడలేదని అందులో వాపోయాడు. ఆ లేఖ అందరికీ తెలుసు. అదే సంవత్సరం అదే క్లబ్బుకు చెందిన టామ్ పిట్‌మన్ చేసిన పని తక్కువమందికి తెలుసు. ఆయన 6800 అనే మరో ప్రాసెసర్‌కు చిన్న బేసిక్ రాసి ఐదు డాలర్లకు అమ్మాడు. నకలు తీసుకోవడం కన్నా కొనుక్కోవడమే తేలిక అనిపించే ధర అది. జనం కొన్నారు. ఇంగ్లండులో 1983లో మొదలైన మాస్టర్‌ట్రానిక్ కూడా క్యాసెట్ ఆటలను 1.99 పౌండ్లకు పెట్టి ఇదే నిరూపించింది. అప్పట్లో మిగతావాళ్ళ ఆటలు దానికి మూడు నాలుగు రెట్లు ఉండేవి. నాలాంటివాళ్ళం ధర పెట్టేటప్పుడు ఈ రెండూ గుర్తుంచుకోవాలి. యాభై యూరోలు పెట్టి, తరువాత దొంగలని తిట్టడం నాకు నచ్చదు.

పైరసీయే అమిగాను చంపిందని చాలామంది అంటారు. నేను అనను. కామడోర్ యాజమాన్యం కొత్త చిప్‌లను ఏళ్ళ తరబడి సాగదీసింది. ఈలోగా పీసీలకు వీజీఏ (మంచి రంగుల బొమ్మలు చూపే పద్ధతి), సౌండ్ కార్డులు వచ్చాయి, ధరలు దిగాయి. అయితే ఆటల ప్రచురణకర్తలు ఫ్లాపీని వదిలి ఆటలను చిప్‌లున్న డబ్బీల్లో అమ్మే కార్ట్రిడ్జ్ కన్సోళ్ళ (ఆటల యంత్రాల) వైపు పరిగెత్తడానికి పైరసీ ఒక పెద్ద కారణమని మాత్రం ఒప్పుకోవాలి. సెగా మెగా డ్రైవ్ కార్ట్రిడ్జ్‌ను ఇంట్లో కూర్చుని నకలు తీయడం పిల్లలకు సాధ్యం కాలేదు.

ఆనాటికీ ఈనాటికీ తేడా ఇక్కడే ఉంది. పెద్ద కంపెనీకి నష్టమొస్తే వేరే యంత్రానికి మారుతుంది. ఫైళ్ళను చూసుకునే డైరెక్టరీ ఓపస్ అమిగాలో పుట్టి తరువాత విండోస్‌కు వెళ్ళింది, ప్రింటర్లను నడిపే టర్బోప్రింట్ లినక్స్‌కు వెళ్ళింది. వాటికి వెళ్ళే చోటు ఉంది. ఒంటరిగా రాసే మనిషికి వెళ్ళే చోటు లేదు, మానేస్తాడంతే. అమిగాలో ఒక రకం కార్డుకు డ్రైవరు రాసేవాడు ప్రపంచంలో ఒక్కడే ఉంటాడు. నెట్‌వర్క్‌కు సంబంధించిన ప్రోగ్రాము రాసేవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఉంటారు. అందులో ఒకరు మానేస్తే ఆ జాగా ఖాళీగానే ఉండిపోతుంది. సోర్సు కోడ్ ఆయన ఇంట్లోని డిస్కులో ఉంటుంది, డిస్కుతోపాటే పోతుంది. ఆయన మూడేళ్ళ తరువాత ఈమెయిలు చిరునామా మార్చుకుంటే, డబ్బు కట్టి రిజిస్టర్ చేసుకుందామనుకున్నవాడికి కీ ఇచ్చే దిక్కు ఉండదు. అప్పుడు పైరసీ ప్రతి ఒక్కటే మిగులుతుంది. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే.

అవతలి వైపూ చెప్పాలి, లేకపోతే అన్యాయం. తీసిన ప్రతి నకలునూ పోయిన అమ్మకంగా లెక్కించడం తప్పు. పోలండులో 1994లో కొత్త కాపీరైట్ చట్టం వచ్చేదాకా సంతల్లో బల్లలు వేసుకుని బహిరంగంగా నకళ్ళు అమ్మేవారు. అసలు ప్రతి కొనాలన్నా అమ్మే దుకాణం దొరికేది కాదు. సోవియట్ యూనియన్‌లో స్పెక్ట్రమ్‌ను అనుకరించి లెనిన్‌గ్రాడ్, పెంటగన్ అనే పేర్లతో ఎన్నో యంత్రాలు తయారయ్యాయి, వాటి మీద నడిచినవి ఎక్కువగా నకళ్ళే. ఆ పిల్లలు పెద్దయ్యారు. ఇవాళ స్పెక్ట్రమ్‌కు వస్తున్న మంచి కొత్త ఆటల్లో కొన్నిటిని రాస్తున్నది ఆ దేశాలవాళ్ళే. అలాగే 1980ల ఫ్లాపీల్లో ఎన్నో ఇప్పటికే అయస్కాంత గుణం కోల్పోయాయి. తాళం విప్పిన ప్రతులు లేకపోతే ఆ పనులు మనకు మిగిలేవి కావు. డబ్ల్యూహెచ్‌డీలోడ్ లాంటి ప్రయత్నాలు ఆ ఆటలను హార్డ్‌డిస్కు నుంచి నడిచేలా చేసి రెండో జన్మ ఇచ్చాయి. వాటి వెనక ఉన్నవాళ్ళకు నేను చేతులెత్తి మొక్కుతాను.

కానీ పాతదైతే ఉచితమని చట్టం ఎక్కడా చెప్పదు. మన దేశంలో కంప్యూటర్ ప్రోగ్రామును సాహిత్య రచనగా పరిగణిస్తారు. రచయిత జీవితకాలం, ఆ పైన 60 ఏళ్ళు హక్కు ఉంటుంది. 1987లో ఇరవై ఏళ్ళ కుర్రాడు రాసిన ఆట మన మనవల కాలంలో కూడా ఎవరో ఒకరి సొత్తే. పైరసీ ప్రతి అని తెలిసి వాడటం కూడా కాపీరైట్ చట్టం 63బి సెక్షన్ కింద నేరమే, వ్యాపారం కోసం కాకపోతే జైలు లేకుండా జరిమానాతో వదిలే వెసులుబాటు కోర్టుకు ఉంది. ఇదంతా మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు. హక్కుదారులే ముందుకొచ్చి దారి చూపిన సందర్భాలూ ఉన్నాయి. సింక్లెయిర్ కంప్యూటర్లను 1986లో కొన్న ఆమ్‌స్ట్రాడ్, స్పెక్ట్రమ్ రోమ్‌ను (యంత్రంలోనే శాశ్వతంగా ఉండే ప్రోగ్రామును) ఎమ్యులేటర్లతో, అంటే పాత యంత్రాన్ని కొత్త కంప్యూటర్లో అనుకరించే ప్రోగ్రాములతో, పంచుకోవచ్చని 1999లో బాహాటంగా ప్రకటించింది. అమిగాలో అలాంటి ప్రోగ్రామైన కిక్‌స్టార్ట్‌కు ఆ అనుమతి లేదు. క్లోయాంటో సంస్థ దాన్ని లైసెన్సుతో అమిగా ఫరెవర్ పేరిట అమ్ముతోంది. అమిగా కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ కూడా అమ్మకంలోనే ఉంది. 2018లో 3.1.4, 2021లో 3.2 వచ్చాయి. మీ కార్డులో అవి కూడా ఉంటే, అది ముప్పై ఏళ్ళ నాటి సరుకు కాదు.

మీకు కార్డు ఇచ్చినాయన గురించి ఒక మాట. స్నేహితుడికి ఒక ఫ్లాపీ నకలు తీసి ఇచ్చిన కుర్రాణ్ణి నేను ఎప్పుడూ దొంగ అనలేదు, నేనూ ఆ వయసులో నకళ్ళతోనే నేర్చుకున్నాను. కానీ ఇతరులు రాసిన వేల ప్రోగ్రాములను ఒక కార్డులో నింపి, దానికి ధర కట్టి అమ్మేవాడు వేరు. రాసినవాడికి పైసా చేరదు, కార్డు నింపినవాడికి మాత్రం చేరుతుంది. పైగా ఆ కార్డుల్లో ఉండేవి తరచూ పాత వెర్షన్లు. వాటిలోని తప్పులు మేము ఎప్పుడో సరిచేసి ఉంటాం. అయినా ఆ తప్పుల గురించి ఉత్తరాలు మాకే వస్తాయి. యంత్రం అమ్మేటప్పుడు అలవాటుగా పాత డిస్కు ఇచ్చేసినవాడైతే అది వేరే సంగతి, నా తొలి కొనుగోలుదారు చేసింది అదే.

మీరు కార్డును పారేయనక్కరలేదు. అందులో ఆటల ఫోల్డరును పక్కన పెట్టి, ప్రోగ్రాముల ఫోల్డరు తెరవండి. ఒక్కోదాని పక్కన రీడ్‌మీ ఫైలు ఉంటుంది, అందులో తేదీ, రచయిత పేరు చూడండి. అమిగా ప్రోగ్రాములను దాచిపెట్టే ఆమినెట్ అనే వెబ్‌సైటులో వెతికితే వాటిలో చాలావరకు ఇప్పుడు ఉచితమేనని తేలుతుంది, రచయితలే వదిలేశారు. కీ ఫైలు అడిగేవాటిని నడిపి, వివరాల కిటికీ తెరవండి. మీది కాని పేరు అక్కడ కనిపిస్తే ఆ ప్రోగ్రాము ఇంకా అమ్మకంలో ఉందేమో వెతకండి. బహుశా నాలుగైదు దొరుకుతాయి, వాటిలో మీరు నిజంగా రోజూ వాడేది ఒకటో రెండో. వాటికి డబ్బు కట్టండి. కట్టాక రచయితకు రెండు వాక్యాలు రాయండి. మీ 1200లో ఏ యాక్సిలరేటర్ (వేగం పెంచే కార్డు) ఉంది, మెమరీ ఎంత, ప్రోగ్రాము సరిగా నడుస్తోందా లేదా అని. అమ్మకంలో లేకపోయినా రీడ్‌మీలోని చిరునామాకు ఒక ఉత్తరం రాసి చూడండి. నేను అలా రాసిన ఒకాయన వారం తిరక్కుండా సోర్సు కోడ్ మొత్తం పంపించాడు, ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదని రాశాడు.